తీగ చట్రంలో తెల్లచోటు

కోదాడనుంచి సూర్యాపేట వచ్చే బస్సు కండక్టరు వాకిట్లో నిలబడి, చుట్టిన కాయితం ఒకటి కాటమ్మ చేతికిచ్చి వెళ్లిపోయాడు. కాటమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"ఆముదం వాసనొస్తంది పిల్లా. నీ బొమ్మ వచ్చినట్టున్నది" అంటూ తెచ్చి కోడలి ముందు పెట్టింది.

ఉప్పలమ్మ చాపమీద కూర్చుని ఫారాలు మడుస్తోంది. మిర్యాలగూడ ప్రెస్సులో అచ్చయి వచ్చిన పెద్ద కాయితాలవి. ఒక్కో కాయితం రెండు వైపులా కథ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. సగానికి మడిచి, ఆ సగాన్ని మళ్లీ మడిచి, మడతమీద గాజుసీసా అడుగుతో గట్టిగా రుద్దితే పేజీలు వరుసలో పడతాయి. మొదటిరోజు అత్తాకోడళ్లిద్దరికీ ఎటు మడవాలో తెలియక, పిల్ల ఇల్లు చేరిన తర్వాత కొంగ ఆమె నీడను ఎత్తుకుపోయే పుస్తకాలు కొన్ని తయారుచేశారు. కాటమ్మకు చదువు రాదు. అయినా కథంతా తెలుసు కనుక నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది.

కథలో మూసీ ఇసుక కింద ఒక పట్నం ఉంది. అక్కడ మనుషులుండరు, నీడలే ఉంటాయి. ఒక కొంగ పోశి అనే పిల్ల నీడను ముక్కున కరుచుకుపోతుంది. పోశి దాని కాలు పట్టుకుని వేలాడుతూ ఏటిదాకా పోయి, ఇసుక తవ్వుకుంటూ కిందికి దిగి, మధ్యాహ్నమంటే భయపడే నీడల రాజు దగ్గరినుంచి తన నీడను తెచ్చుకుంటుంది. ఉప్పలమ్మ ఈ కథను వాడలో పిల్లలకు చెప్పీ చెప్పీ, వాళ్లు అడిగిన ప్రతిసారీ కొంచెం మార్చీ, చివరికి రాసింది. బర్రె పాలు అమ్మి దాచుకున్న దానితో కాయితం కొన్నది. ఈ ఏడు బళ్లలో ఉర్దూ పోయి తెలుగు వస్తోందని అందరూ అంటున్నారు. పిల్లలకు చదువు వస్తుంది సరే, చదువుకోవడానికి ఏముంది అని ఆమె బాధ.

చుట్ట విప్పింది. అట్టమీదికి వేయబోయే బొమ్మ అది. కోదాడలో మల్సూరు టేకుచెక్కమీద చెక్కి, దీపం మసి, ఆముదం కలిపి రాసి, నమూనాకు ఒకటి అద్ది పంపాడు. కొంగ రెక్కలు బాగా వచ్చాయి. కొంగకాలు పట్టుకుని వేలాడుతున్న పోశి జడ గాలికి లేచింది. పైన వంకీలు తిరిగిన పెద్ద అక్షరాల్లో 'నీడల పట్నం'. కింద, ఆమె గీసిచ్చినట్టే, దోసతీగ అల్లుకున్న చట్రం. ఆ చట్రంలోనే ఆమె తన పేరు పెన్సిలుతో రాసి ఇచ్చింది.

ఇప్పుడు అందులో 'జానయ్య పంతులు' అని ఉంది.

ఆమె ఆ రెండు మాటల్నీ పెదవి కదపకుండానే చదివింది. అయినా ఎవరైనా విన్నారేమోనన్నట్టు తలెత్తి చూసింది.

"ఏం రాసున్నది?" అంది కాటమ్మ.

"నీ కొడుకు పేరు."

"జానిగాని పేరా? ఆడేమన్న రాసిండా ఇది?"

"లేదు."

"మరి?"

ఉప్పలమ్మ నమూనాను చుట్టి పక్కన పెట్టి, ఫారం చేతిలోకి తీసుకుని మడత రుద్దింది. సీసా ఎక్కువ బరువు పడి కాయితం మడతదగ్గర చిరిగింది.

సాయంత్రం జానయ్య బడినుంచి వచ్చాడు. సెలవులే అయినా పంతుళ్లను పిలిపించి, ఉర్దూ బోర్డులు గీకించి తెలుగులో రాయిస్తున్నారు. అతని గోళ్లలో నల్లరంగు ఇరుక్కుంది. కాళ్లు కడుక్కుని, చాపమీద ఉన్న నమూనా చూసి, "అచ్చు మంచిగనే వచ్చింది" అన్నాడు.

"ఈడ నా పేరు రాసిచ్చిన" అంది ఆమె.

"సూసిన."

"సూసి?"

అతను తువ్వాలుతో ముఖం చాలాసేపు తుడుచుకున్నాడు. "కోపానికి రాకు. జర సోంచాయించు. కాలమెట్లున్నది? ఆడమనిషి పేరుతోటి పుస్తకమొచ్చిందంటే ఎవలీమె, ఎవలు రాయించిన్రు అనడుగుతరు. మొన్న మోతెల ఎవలింట్లనో సంఘపోళ్ల పాటల కాయితం దొరికితే ఆ ఇంటామెను మిలిటరీ క్యాంపుల పొద్దందాక కూసోబెట్టిన్రు. నా పేరుంటే, సర్కారు పంతులు రాసిండంటరు. ఎవలేమనరు."

"కొంగ కథకు క్యాంపెందుకు పిలుస్తరు?"

"కొంగనో, ఇంకేందో, ఆళ్లకేమెరుక? ఇసుక కింద పట్నమంటవ్. అడివిల దాసుకున్నోళ్ల సంగతి అనుకుంటే?" గొంతు తగ్గించి, "ఇంకోటి. నీ పేరు సూస్తే జనం ఇదేదో దేవర పండుగ పుస్తకమనుకుంటరు" అని నవ్వబోయాడు.

ఆమె నవ్వలేదు. పుట్టినప్పుడు మోతెలో తాత ఊరిదేవత పేరే పెట్టాడు. పెళ్లయి వచ్చాక ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. అత్తకు పిల్ల, వాడకు పంతులు పెండ్లాం, అతనికి 'ఓయ్'.

"ఒక్క ఇంట్లోళ్లమే గద. ఎవల పేరైతేంది?" అన్నాడు జానయ్య.

"ఎవల పేరైతేంది అనుకుంటే నాదే ఉండనియ్యి."

"ఇగ అయిపోయిందంటే! చెక్కుడు ఖతమైంది. మల్సూరు రేపో మాపో చెక్క మిర్యాలగూడకు పంపుతడు. బడి తెరిచేలోపు పుస్తకాలు గావాల్నంటివా లేదా?"

అతను అన్నం తిని, చేయి కడుక్కుని, కొత్త తెలుగు వాచకం ముందేసుకుని కూర్చున్నాడు. అతనికీ తెలుగు పాఠం చెప్పడం ఇదే మొదలు. ఉప్పలమ్మ చిరిగిన ఫారాన్ని గంజితో అతికిస్తూ ఉండిపోయింది. అతికిన చోట కొంగ అన్న మాట కొంచెం వంకరపోయింది.

తెల్లారి కుండ దించుతూ, "చిలుకూరుల అక్కకు పానం బాగలేదట. పోయొస్త" అంది.

కాటమ్మ కోడలి ముఖంలోకి చూసింది. "మీ అక్కకు పానం బాగలేనప్పుడల్లా నువ్వు గిట్లనే దవడ బిగబడతవా?" అని, ఇంకేమీ అడగకుండా కొంగులో సద్దిమూట కట్టింది. "పో. ఆడొచ్చి అడిగితే నేను సెప్పుకుంట."

*

మల్సూరు కొట్టం కోదాడ బస్సులాగే చోటుకు దగ్గరే. కళ్లాల్లో వడ్లరాశి దొంగలు తీయకుండా దానిమీద ముద్ర కొట్టే చెక్కలు చెక్కడం అతని పని. గోడకు ఆనించి ఆసాముల ముద్రలు వరసగా ఉన్నాయి, కొన్నిటిమీద చేపలు, కొన్నిటిమీద శంఖాలు, కొన్నిటిమీద ఉర్దూ అక్షరాలు.

"పంతులమ్మగారూ! నమూనా నచ్చిందా?" అన్నాడు ఉలి కిందపెట్టి.

"కొంగ మంచిగున్నది. చెక్క ఏది?"

గోనెపట్టాలో చుట్టిన బ్లాకును తీసి ఒళ్లో పెట్టుకుని విప్పాడు. అక్షరాలన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయి. పోశి ఎడమచేతికి బదులు కుడిచేతితో వేలాడుతోంది. చట్రంలో ఆ పేరు కూడా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది.

"ఈడున్నది తీసెయ్యాలె" అంది వేలు పెట్టి.

"ఏది? తీగా?"

"తీగ కాదు. లోపలిది."

"లోపల పంతులుగారి పేరుంది గదమ్మా."

"అదే."

మల్సూరు ఆమె వేలు చూశాడు, చెక్క చూశాడు. "తప్పుపడిందా? పంతులుగారు రాసిచ్చిన కాయితం చూసే చెక్కానే. జానయ్య పంతులు. కాదా?"

"తప్పు పడలేదు. తియ్యాలె. ఆడ నా పేరుండాలె."

"తీయటం చిటికెలో పని. పెట్టటం కుదరదు" అన్నాడతను. "అక్షరం పైకి లేచి ఉంటేనే సిరా అంటుద్ది. చెక్క పోయినకాడ మళ్లీ చెక్క రాదుగా. గుంటచేసి ఇంకో టేకుముక్క దిగ్గొట్టి, అది ఆరినాక చెక్కాలంటే వారం దాటుద్ది. ఈలోపు బళ్లు తెరుస్తారు."

ఉప్పలమ్మ కొట్టంలోనే కింద కూర్చుంది. బయట బస్సు హారను మోగింది. పక్కన కల్లుదుకాణంలో ఎవరో ఎవరినో తిడుతున్నారు. ఆమె బ్లాకును ఒళ్లోకి తీసుకుని, చట్రంలో అక్షరాల మీద వేలు నడిపించింది. నున్నగా ఉన్నాయి. చేయి తిరిగిన పని.

"అయితే తీసెయ్యి. ఖాళీగనే ఉండనియ్యి" అంది.

మల్సూరు ఉలి తీసుకోలేదు. చెవిమీది బీడీ తీసి మళ్లీ చెవిమీదే పెట్టుకున్నాడు. "బతికున్న మనిషి పేరు చెల్లెమ్మా. పెళ్లాం చెప్తే మొగుడి పేరు గీకానని రేపు నలుగురూ అంటారు. ఆయనకేదన్నా నలతచేస్తే నా ఉలికి చుట్టుకుంటుద్ది. నా చేత్తో గీకను."

"ఉలి ఇటియ్యి."

"అమ్మా..."

"నీ చేత్తోటి వద్దు. ఇటియ్యి."

అతను ఇవ్వలేదు, అడ్డమూ చెప్పలేదు. ఉలి కింద ఉన్నచోటే ఉంది. ఆమె తీసుకుంది. మొదటి పోటు జారి తీగ అంచును గీరింది. రెండోది అక్షరం తలకట్టుమీద పడింది. చిన్న పొట్టు లేచి ఆమె చీరమీద రాలింది. తాళిబొట్టు ముందుకు వేలాడి చెక్కకు తగులుతుంటే వెనక్కి వేసుకుంది. ఒక్కో అక్షరం పోతుంటే, ఇంట్లో అతను ఏం చేస్తుంటాడా అని మనసుకు వచ్చింది. వాచకం చదువుకుంటూ ఉంటాడు. ఏమీ కాదు.

"లోతుగా తియ్యాలి. లేకపోతే సిరా అంటి మచ్చలు పడతాయి" అన్నాడు మల్సూరు, ముఖం అటు తిప్పుకుని.

చివరి అక్షరం పోయాక, చట్రంలో ఎగుడుదిగుడుగా తెల్లని టేకు బయటపడింది. మల్సూరు అప్పుడు చేయి చాపాడు. "ఇప్పుడు పేరేం లేదు. ఉత్త చెక్కే. ఇటివ్వు." చట్రంలోపలంతా వేలిగోరంత లోతు తీసి, గరుకు లేకుండా రుద్ది, పొట్టు ఊది ఇచ్చాడు. ఆమె చీరమీది పొట్టు దులపబోయి, ఆగి, ఏరి కొంగున ముడేసుకుంది. అక్కడ కాళ్లకింద పడనివ్వడం ఎందుకో మనసొప్పలేదు.

*

మిర్యాలగూడ బస్సులో ఉప్పలమ్మ బ్లాకును ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. హుజూర్‌నగర్ దాటాక తనిఖీ దగ్గర బస్సాపారు. ఇద్దరు మిలిటరీ వాళ్లు తుపాకులతో కింద నిలబడ్డారు. గుంటూరు వైపు మాట మాట్లాడే కానిస్టేబులు ఒకడు లోపలికెక్కి, మూటలు తడుముతూ ఆమె దగ్గరికొచ్చాడు.

"అదేంటమ్మా?"

పట్టా విప్పింది. అతను బ్లాకును అటూ ఇటూ తిప్పాడు. "ఏ భాష ఇది?"

"తెలుగే సార్. అచ్చువేసే చెక్క. అద్దంల సూడాలె."

పక్కన కూర్చున్న గాజులమ్మే ఆవిడ తన మూటలోంచి చేతి అద్దం తీసిచ్చింది. కానిస్టేబులు బ్లాకును దానికెదురుగా పట్టుకుని, "నీ...డ...ల పట్నం" అని చదివాడు. బస్సులో ఒకరిద్దరు నవ్వారు. అతనూ నవ్వబోయి, చట్రం దగ్గర ఆగాడు.

"ఇక్కడేదో గీకేశారు. ఇంకా పచ్చిగానే ఉంది. ఎవరి పేరు?"

"మా ఇంటాయన పేరు."

"ఎందుకు గీకావు?"

"పుస్తకం ఆయన రాయలేదు. నేను రాసిన."

"నువ్వా?" అతను జేబులోంచి చిన్న పుస్తకం, పెన్సిలు తీశాడు. "నీ పేరేంటి?"

"ఉప్పలమ్మ."

అతను రాసుకున్నాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ పేరు ఆమె నోట వినబడింది. ఎవరో రాసుకున్నారు కూడా.

"మొగుడి పేరు?"

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. బస్సంతా చూసింది. తెలిసిన ముఖం ఒక్కటీ లేదు.

వెనక సీటులో తలపాగా ముసలాయన అందుకున్నాడు. "ఆడమనిషి మొగని పేరెట్ల సెప్తది సార్?"

"తెలుసు తాతా. మా అమ్మా చెప్పదు" అన్నాడు కానిస్టేబులు విసుగ్గా. "మొన్నొకామె ఇట్టాగే ఆచారమంది. ఆచారమే గదాని వదిలేశా. తీరా చూస్తే ఆవిడ మొగుడు దళంతో అడివిలో ఉన్నాడు. పైవాళ్లు నన్ను దులిపేశారు. ఈవిడ మొగుడి పేరు చెప్పదు. ఉన్న పేరు గీకేసింది. నేనేమనుకోవాలి? దిగమ్మా."

ఉప్పలమ్మ దిగింది. ఎండ నెత్తిమీద ఉంది. కాళ్లకింద తన నీడ చిన్న ముద్దలా ఉంది. తుపాకీ పట్టుకున్న మనిషి ఆమెను కాక దూరంగా దేన్నో చూస్తున్నాడు. కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. బస్సు పక్కరేకుమీద ఎర్రదుమ్ము అంగుళం మందాన పేరుకుంది.

ఆమె ఆ దుమ్ముమీద వేలు పెట్టింది. అతని పేరు ఇంతకు ముందు ఎప్పుడూ రాయలేదు. చెప్పకూడదన్నారే గానీ రాయకూడదని ఎవరూ అనలేదు. రాసే ఆడది వాడలో లేదు కనుక ఆ మాట ఎవరికీ తోచి ఉండదు. పెద్ద అక్షరాల్లో, పొద్దున్నే ఉలితో తీసేసిన వరుసలోనే, మళ్లీ రాసింది. జానయ్య పంతులు, సూర్యాపేట.

కానిస్టేబులు వంగి చదివాడు. బిగ్గరగా చదివాడు.

"సూర్యాపేట జానయ్య పంతులా!" అన్నాడు ముసలాయన కిటికీలోంచి. "మా తమ్ముని కొడుక్కు ఉర్దూ సెప్పిండు. చెవులు ఊడొచ్చేటట్టు మెలేస్తడు సార్. అడివికి పొయ్యే మనిషి కాదు, బడికి పొయ్యే మనిషి."

ఈసారి కానిస్టేబులు నిజంగానే నవ్వాడు. బ్లాకు తిరిగిచ్చాడు. "ఈ పేరేదో చెక్కమీదే ఉండనిస్తే నీకీ తిప్పలు లేకపోను గదమ్మా" అన్నాడు. మాటలో దురుసు లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఎక్కేముందు ఆమె కొంగుతో దుమ్ము తుడవబోయింది. డ్రైవరు హారను కొట్టాడు. తుడవలేదు. మిర్యాలగూడదాకా ఆ పేరు బస్సు పక్కన ఊరూరా తిరిగింది.

*

దుర్గయ్య ప్రెస్సులో కాలితో తొక్కే మిషను ఒక్కటే ఉంది. రైసుమిల్లు రసీదులు, పెండ్లి శుభలేఖలు అచ్చువేస్తాడు. బ్లాకు చూసి సంతోషపడ్డాడు. ఇనుపచట్రంలో బిగించి, రోలరుతో నీలం సిరా పూసి, ఒక అట్ట వేసి చూశాడు. పోశి మళ్లీ ఎడమచేతికి వచ్చింది.

"రాసినోళ్ల పేరేది తల్లీ?"

"లేదు."

"పేరు లేకుంటె గోడమీద అంటించే కాయితం లెక్కుంటది. ఈ గడిల జాగ మస్తున్నది. సీసం అక్షరాలు కూర్చి ఇంకోసారి తొక్కుత. నాకేం కష్టం లేదు. పేరు సెప్పు."

దీనికోసమే ఆమె చిలుకూరు పేరు చెప్పి బయల్దేరింది. చెబితే అయిపోతుంది. దుర్గయ్య అక్షరాల పెట్టె ముందు నిలబడి, ఏ గడిలోంచి ఏరాలా అని వేళ్లు ఆడిస్తూ ఎదురుచూస్తున్నాడు.

ఉప్పలమ్మకు కానిస్టేబులు జేబులోని చిన్న పుస్తకం కనబడింది. అందులోకి పోయిన పేరు ఇప్పుడు ఎక్కడుందో. మోతెలో క్యాంపులో కూర్చున్నామె పేరు కూడా ముందు ఇట్లాంటి పుస్తకంలోకే పోయుంటుంది.

"వద్దు. గట్లనే తొక్కు" అంది.

దుర్గయ్య భుజాలెగరేసి మిషనెక్కాడు. మిషను దడదడలాడుతోంటే, ఒక్కో అట్టా బయటికొచ్చి పడుతోంటే, ప్రతిదాని అడుగునా ఒక తెల్ల చోటు వచ్చి ఆమెను చూస్తోంటే, కూర్చోలేక నిలబడింది. నిలబడలేక వాకిట్లోకి పోయింది. అతని పేరు తీసింది ధైర్యమే అనుకుంటే, తన పేరు పెట్టకపోవడం ఏమిటి? తీయడానికి వచ్చిన చేయి పెట్టడానికి రాకపోయె. అట్టలు ఆరాక మూటగట్టి, మళ్లీ బస్సెక్కింది. ఈసారి ఎవరూ ఆపలేదు. ఆపితే బాగుండునని కూడా ఒకసారి అనిపించింది.

ఇల్లు చేరేసరికి జానయ్య అరుగుమీద ఉన్నాడు.

"అక్కకెట్లున్నది?" అన్నాడు.

"అక్క మంచిగనే ఉన్నది. నేను మిర్యాలగూడ పోయిన."

"ఎరుకే. మల్సూరు కబురంపిండు. నా పేరు గీకినవంట. నీ చేతులతోటే."

కాటమ్మ లోపలినుంచి వచ్చి గడపలో నిలబడింది. ఉప్పలమ్మ మూట దించి ఒక అట్ట అతని చేతికిచ్చింది. అతను చూశాడు. తన పేరు లేకపోవడం చూశాడు. ఆమె పేరు కూడా లేకపోవడం ఇంకొంచెంసేపు చూశాడు.

"తొవ్వల తనిఖీకాడ దింపిన్రు" అందామె. "మొగని పేరు సెప్పమన్నరు."

అతను దిగ్గున లేచాడు. "సెప్పిన్నా లేదా నీకు? సెప్పిన్నా లేదా? ఏం జేసిన్రు?"

"ఏం జెయ్యలే. రాసి సూపెట్టిన. వదిలిపెట్టిన్రు."

"ఏం రాసినవ్?"

"నీ పేరే."

"ఎక్కడ?"

"బస్సుమీద. దుమ్ముల."

జానయ్య అట్టను మూటమీద పెట్టేశాడు. కాటమ్మ మాత్రం, "మా జానిగాడు ఎన్నడెక్కని బస్సులన్నీ ఎక్కి తిరుగుతున్నడన్నట్టు" అని, నవ్వు ఆపుకోవడానికి లోపలికి పోయింది.

ఆ తర్వాత రోజులు ఇల్లంతా గంజివాసన వేసింది. ఉప్పలమ్మ ఫారాలు ఒకదానిలో ఒకటి దూర్చి, దబ్బనంతో పొడిచి, మైనం రాసిన దారంతో కుట్టి, వీపుకు గంజి పూసి అట్ట అంటించేది. జానయ్య గోడవైపు తిరిగి అన్నం తినేవాడు. పుస్తకాలను దాటుకుని నడిచేవాడు గానీ, ఒక్కటి కూడా కాలికి తగలకుండా నడిచేవాడు. బడి తెరిచేముందు వచ్చిన సంతకు, అప్పటికి కుట్టినవి కాటమ్మ గంపలో పెట్టుకుపోయి, చింతపండు పక్కన పరిచింది. గంప ఖాళీగా తెచ్చింది.

*

బడి తెరిచిన మొదటి వారంలోనే వాన పడింది. చూరు కింద నిలబడి, చాకలి మైసమ్మ బిడ్డ బాలనర్సమ్మ గౌను లోపల దాచుకున్న పుస్తకం బయటికి తీసింది.

"తడిసిందేమో సూడవా చిన్నమ్మా?"

ఉప్పలమ్మ తీసుకుని చూసింది. తడవలేదు. చట్రంలో, తెల్లచోటులో, బలపం పట్టి నేర్చుకున్న లావు అక్షరాల్లో 'బాలనర్సమ్మ' అని ఉంది. సిరాతో. చివర పట్టక, 'మ్మ' తీగమీదికి ఎక్కింది.

"ఇదెవలు రాసిన్రే?"

"నేనే! నా పుస్తకం గద." పిల్ల ఛాతీ ముందుకు తెచ్చింది. "బడి పుస్తకానికి గిట్లనే గడి ఉంటది, పేరు రాసుకునేటందుకు. అందరం రాసుకున్నం. మట్టిగాడు రాసుకున్నడు. బీక్యా రాసుకున్నడు. బీక్యాకు పేరు రాసుడు రాదు, మొత్తం తరగతి కూసోబెట్టి నేర్పిచ్చినం."

"అది పేరు రాసుకునే గడి కాదు పిల్లా..." అనబోయి ఉప్పలమ్మ ఆగింది.

ఊళ్లో పేరడిగితే పెద్దవాళ్లు తలుపులు వేసుకుంటున్నారు. ఈ పిల్ల తన పేరును సిరాతో, చెరిగిపోకుండా, నలుగురూ చూసేచోట రాసుకుని, వానకు తడుస్తుందేమోనని గౌనులో దాచి తెచ్చింది. ఉప్పలమ్మ ఆ అక్షరాలమీద వేలు నడిపించింది. టేకుచెక్కమీదవంత నున్నగా లేవు.

"కాదా?" అంది పిల్ల భయంగా. "చెరిపెయ్యాల్నా?"

"వద్దు. అందుకే పెట్టిన్రు" అంది ఉప్పలమ్మ.

ఆ సాయంత్రం జానయ్య బడినుంచి తొందరగా వచ్చాడు. కాళ్లు కడుక్కోకుండానే అరుగుమీద కూర్చున్నాడు. కాసేపటికి, ఎవరితోనో అన్నట్టు, "ఇయ్యాల పిల్లలు నన్నడిగిన్రు" అన్నాడు.

ఉప్పలమ్మ దారానికి మైనం రాస్తోంది. తలెత్తలేదు.

"ఈ పుస్తకం ఎవలు రాసిన్రు పంతులూ అని. మా ఇంట్ల రాసిన్రు అన్న. మీ ఇంట్ల ఎవలు అన్నరు. మా... ఇంటామె అన్న. పేరేంది అన్నరు." అతను ఆగాడు. "నాకు నోరు రాలే. తరగతి తరగతంతా నవ్విన్రు. బాలనర్సమ్మ లేచి, పంతులుకు పాఠం రాదు అన్నది."

లోపల కాటమ్మ చాటలో బియ్యం చెరగడం ఆపింది.

జానయ్య లేచి గూటిలోంచి సిరాబుడ్డి, బడి కలం తెచ్చాడు. కుట్టడం అయిపోయి పేర్చిన పుస్తకాల ముందు చాపమీద బాసింపట్టు వేసుకున్నాడు. పైదాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని, కలం ముంచి, "సెప్పు" అన్నాడు.

"ఏం సెప్పాలె?"

"ఏం రాయాల్నో సెప్పు."

"నీకు తెల్వదా?"

"తెలుసు. నువ్వు సెప్పు."

ఆమె దారం కింద పెట్టింది. "క్యాంపోళ్లడిగితే?"

"అడిగితే ఇద్దరం పోదాం. ఇప్పటికే ఊళ్లె సగంమంది పిల్లల పేర్లున్నయి దానిమీద. ఎంతమందిని కూసోబెడతరు?" అతని చేతిలో కలం కొన సిరా చుక్క పట్టి వేలాడుతోంది. "సెప్పు. సిరా కారుతంది."

"ఉప్పలమ్మ" అంది ఆమె.

అతను చట్రం మధ్యలో కలం ఆనించబోయాడు. ఆమె చప్పున వంగి, అరచేయి అడ్డం పెట్టింది.

"ఆడ గాదు. అది పిల్లలది."

"మరి?"

"కింద. తీగ బయట."

అతను ఆమె చేయి తీసేదాకా ఆగి, తీగ కింద మిగిలిన కొద్ది అంచులో, నల్లబల్లమీద మొదటి పాఠం రాసే మనిషిలా, ఒక్కో అక్షరమూ నిలబెట్టి రాశాడు. ఊది ఆరబెట్టాడు. పక్కన పెట్టి రెండోది తీశాడు.

కాటమ్మ చాటతో సహా గడపలోకి వచ్చి చూసింది. "ఎన్నిసార్లు రాయాలెరా జానిగా? బడిల తప్పుజేసిన పోరలకు ఏసే శిక్ష లెక్కనే ఉన్నది."

"ఉన్నన్ని" అన్నాడు జానయ్య, తలెత్తకుండా.

"చాపనిండ ఉన్నయి."

అతను మళ్లీ కలం ముంచాడు. ఉప్పలమ్మ మొదటి పుస్తకం తీసుకుని, వాన వెలిసిన అరుగుమీద గాలి తగిలేచోట పెట్టింది. అట్ట రెపరెపలాడితే, మడతలు రుద్దే గాజుసీసా తెచ్చి, సిరా చెదరకుండా, కొంగ రెక్కమీద ఉంచింది.